ఎత్తెక్కని ట్రాక్టర్

హైటెక్ సిటీలో నేను పనిచేసే క్యాంపస్‌లో నాలుగు అద్దాల టవర్లు, వాటి మధ్యన పెద్ద పచ్చిక ఉన్నాయి. పచ్చికకి ఒక పక్కన మట్టి పోసి గుట్టలాగా ఎత్తు చేశారు. ఉద్యోగులు సాయంత్రం పూట దాని మీద కూర్చుని కాఫీ తాగుతారని అనుకున్నట్టున్నారు. నేను చేరేనాటికే సగం మంది ఇళ్ల నుంచే పని చేసుకుంటున్నారు. ఆ గుట్ట మీద నేను ఎక్కువగా చూసింది తెల్ల కొంగల్ని. గడ్డి కోసే బండి వెనకాల పురుగుల కోసం నడిచేవి.

నాది మెయింటెనెన్స్ పని. జనరేటర్లు, నీళ్ల పంపులు, ఏసీ ప్లాంటు మోటార్లు. అంతకుముందు ఇరవై రెండేళ్లు జీడిమెట్లలో ఒక షెడ్డులో హైడ్రాలిక్ మెకానిక్‌గా చేశాను. ఇనప రేకుల్ని దెబ్బకొక గిన్నెగా నొక్కే పెద్ద ప్రెస్సులు ఉండేవి అక్కడ. ఆ షెడ్డు మూతపడ్డాక ఇక్కడికొచ్చాను. బోరబండ స్టేషన్ దగ్గర ఒక గదిలో కిరాయికి ఉంటున్నాను. పొద్దున్న రైలెక్కితే తర్వాతి స్టేషన్‌లోనే దిగడం.

మా ఆవిడ నర్సు. ఏడేళ్లుగా కువైట్‌లో ఒక ఆసుపత్రిలో చేస్తోంది. మాకు పిల్లలు లేరు.

ఒక సంగతి ముందే చెప్పాలి. అది చెప్పకపోతే ట్రాక్టర్ సంగతి అర్థం కాదు. నాకు చెవులు సరిగా వినపడవు. ప్రెస్సుల దగ్గర అంతకాలం నిలబడినందుకు వచ్చింది. ఒక్క రోజులో పోలేదు. ముందు సన్నని శబ్దాలు పోయాయి. కుక్కర్ విజిల్ పోయింది. ఒకరోజు పప్పు మాడి, పొగ బయటికొచ్చి, పక్క గదివాళ్లు తలుపు బాదితే గానీ నాకు తెలియలేదు. తర్వాత పిట్టలు, తర్వాత ఆడవాళ్ల గొంతులు. మగవాళ్ల లావు గొంతులు మాత్రం చాలావరకు తెలిసేవి. చర్చిలో నేను డోలక్ వాయించేవాణ్ణి. పాట ఎక్కడ నడుస్తోందో తెలియక రెండు ఆదివారాలు తాళం తప్పాను. మూడో ఆదివారం వేలు బెణికిందని చెప్పి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ వేలు ఇప్పటికీ నయం కాలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెవులు పనిచేయని మెకానిక్‌ని ఎవరు ఉంచుకుంటారన్న భయం ఒకటి. దానికంటే, ఏమిటో, సిగ్గు. మోటారు మీద అరచెయ్యి పెట్టి, అది వణికే తీరుని బట్టి లోపం కనిపెట్టడం నేర్చుకున్నాను. మనుషులు మాట్లాడుతుంటే పెదాలు చూసేవాణ్ణి. అర్థం కాకపోతే తల ఊపేవాణ్ణి. తల ఊపితే చాలామంది సంతోషంగా వెళ్లిపోతారు.

ఫోన్‌లో తల ఊపడం కుదరదు. మా ఆవిడ గొంతు మామూలుగానే సన్నం. ఫోన్‌లో ఆ గొంతు నాకు పూర్తిగా అందడం మానేసి రెండేళ్లయింది. వీడియో కాల్‌లో ఆమె పెదాలు కదులుతుంటాయి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది, నాకేమీ అందదు. "ఊ" అనేవాణ్ణి. "నెట్ బాలేదు, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేసేవాణ్ణి. ముందు రోజూ డ్యూటీ దిగగానే చేసేది. తర్వాత రోజు మార్చి రోజు. తర్వాత ఆమెకి సెలవైన శుక్రవారం. చివరికి అది కూడా పోయి, "తిన్నారా", "మందులు వేసుకున్నారా" అని మెసేజీలు మిగిలాయి. ఆమెకి అక్కడి జీవితం అలవాటైపోయిందని నేను అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు తేలికగా ఉండేది.

మార్చిలో ఒక రోజు, పదకొండు గంటల వేళ, తోటపని చేసేవాళ్లలో పెద్దామె నా వర్క్‌షాపుకి వచ్చింది. వర్క్‌షాపంటే సెల్లార్‌లో కార్ల పార్కింగ్ చివర జాలీ వేసిన గది. ఆమెది పాలమూరు వైపు. నలభై అయిదేళ్లుంటాయి. ఆమె కింద ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. ట్రాక్టర్ నడపడం ఆమెకొక్కదానికే వచ్చు. వాళ్లన్న పొలంలో చిన్నప్పుడే నేర్చుకుందట. చీర కుచ్చిళ్లు దోపి, మీద కాంట్రాక్టర్ ఇచ్చిన ఆకుపచ్చ కోటు తొడుక్కుని, ఆ చిన్న బండి మీద తిన్నగా కూర్చుని నడిపేది. అంతకుముందు వీపుకి తగిలించుకునే కోత మిషనుతో కోసి కోసి కుడి భుజం పాడు చేసుకుంది. చెయ్యి చెవి దాటి పైకి లేవదు.

"అన్నా, బండి గుట్టెక్కుతలేదు. పొద్దున మంచిగనే ఎక్కింది. గంట నడిచినంక ఇగ ఆడనే నిలవడ్డది. పెడల్ తొక్కితే ఇంజిన్ అరుస్తది గని చక్రం తిరుగుతలేదు," అంది. ఎదురుగా నిలబడి చెప్పింది కాబట్టి పెదాలు చూసి అంతవరకూ పట్టుకున్నాను. పనిముట్ల పెట్టె తీసుకుని నేను ముందు నడిచాను. ఆమె వెనకాల ఇంకా ఏదో చెబుతూనే వచ్చింది. నేను వెనక్కి తిరక్కుండా "ఆ, ఆ, చూద్దాం" అన్నాను.

ఆ ట్రాక్టర్ పొలం ట్రాక్టర్ కాదు. గడ్డి కోసేదే, మోకాలెత్తు చక్రాలు. దానికి గేర్లుండవు, క్లచ్చుండదు. హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అంటారు. ఇంజిన్ ఒక పంపుని తిప్పుతుంది. పంపు నూనెని గట్టిగా తోస్తుంది. ఆ నూనె వెళ్లి ఒక మోటారుని, ఆ మోటారు వెనక చక్రాల్ని తిప్పుతుంది. పెడల్ ఎంత తొక్కితే అంత నూనె పారుతుంది. ఇంజిన్‌కీ చక్రానికీ మధ్య ఇనుముతో ఇనుము కలిసి ఉండదు, నూనె ఒక్కటే ఉంటుంది. ఆ నూనెలో బలం లేకపోతే ఇంజిన్ ఎంత అరిచినా బండి కదలదు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక చచ్చిపోయిందంటే మెకానిక్‌కి తట్టేవి కొన్నున్నాయి. నూనె మట్టం చూశాను. గీత కంటే వేలు మందం తక్కువుంది, పోశాను. చల్లబరిచే ఫ్యాను రెక్కల మధ్య గడ్డి పేరుకుని ఉంటే బ్రష్‌తో దులిపాను. బండిని చేత్తో తోయడానికి వీలుగా నూనెని పక్కదారి పట్టించే మీట ఒకటుంటుంది. అది పూర్తిగా మూసుకుందో లేదో చూశాను, మూసే ఉంది. "రేపు నడిపి చూడమ్మా," అన్నాను.

మర్నాడు గంట గడిచాక మళ్లీ ఆగింది.

నూనె మొత్తం దించేశాను. మజ్జిగ కలిసినట్టు తెల్లగా వచ్చింది. స్ప్రింక్లర్ల నీళ్లు లోపలికి పోయాయనుకున్నాను. ఒక సీసాలో కొంచెం పట్టి బల్ల మీద పెట్టాను. కొత్త ఫిల్టర్ వేశాను, కొత్త నూనె పోశాను. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మూడో రోజు గుట్ట మధ్యలో ఆగిపోయి, వెనక్కి జారబోతే ఆమె బ్రేకు తొక్కి పట్టుకుందట. కింద నీళ్ల పైపు దగ్గర పనిచేస్తున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి చక్రాలకి రాళ్లు పెట్టారు. నాకు వాళ్ల కేకలు వినపడలేదు. నేను అక్కడే, నలభై అడుగుల దూరంలో, లైటు స్తంభం దగ్గర వైర్లు చూసుకుంటున్నాను.

ఫెసిలిటీ మేనేజర్ బండి అమ్మిన కంపెనీ మనిషిని పిలిపించాడు. ఆయన ప్రెషర్ గేజ్ తగిలించి చూశాడు. పెద్ద పంపుకి నూనె అందించే చిన్న పంపు ఒకటుంటుంది. దాని ఒత్తిడి చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉంది, వేడెక్కాక పడిపోయింది. "లోపల అరిగిపోయింది, మొత్తం యూనిట్ మార్చాలి, బయటి దేశం నుంచి రావాలి, మూడు నెలలు," అని రాసిచ్చి వెళ్లాడు.

మేనేజర్ ముప్పై అయిదేళ్లవాడు, రాజమండ్రి వైపు మనిషి, మర్యాదస్తుడు. లావు గొంతు కాబట్టి నాకు సులువు. "అంకుల్, దీన్ని డిస్పోజ్ చేసేద్దామండి. మళ్లీ హ్యాండ్ మెషీన్లకి వెళ్లిపోదాం. ఎలాగూ లాన్ ఎవరు చూస్తున్నారు?" అన్నాడు.

పెద్దామె పక్కనే ఉంది. ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది, అంతే.

"నాకు వారం రోజులివ్వండి సార్. నేను విప్పి చూస్తాను," అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. ఆమె భుజం కోసమని చెప్పుకుంటే బాగుంటుంది. నిజానికి, హైడ్రాలిక్స్‌లో నాకు తెలియనిది లేదని ఒకరికైనా చూపించాలనిపించింది. అప్పటికి నా దగ్గర మిగిలిన గొప్ప అదొక్కటే.

రెండు రోజులు సెల్లార్‌లో ఒక్కణ్ణీ కూర్చుని విప్పాను. ఆ సెల్లార్‌లో రెండు వేల కార్లు పట్టేంత చోటుంది. ఆ రోజుల్లో మూల మూలకీ కొన్ని ఉండేవి. బట్ట మీద ఒక్కొక్క బోల్టూ వరసగా పేర్చుకుంటూ, మధ్యాహ్నం అక్కడే స్టూలు మీద కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచి తినేవాణ్ణి. సెక్యూరిటీ అతను రోజుకి రెండుసార్లు అటుగా వచ్చి, చెయ్యెత్తి, వెళ్లిపోయేవాడు.

చిన్న పంపు మూత తీస్తున్నప్పుడు లోపల గీతలుంటాయని పూర్తిగా నమ్మాను. గీతలుంటే మనసు కుదుటపడేది, కారణం దొరికేది. మూత తీసి టార్చి వేశాను. అద్దంలా ఉంది. నా కళ్లజోడు అందులో కనిపించింది. పెద్ద పంపూ అంతే, మోటారూ అంతే. కొత్త సీళ్లు వేసి మళ్లీ బిగించాను. బిగిస్తున్నంతసేపూ ఇది పనిచేయదని నాకు తెలుసు. బాగున్నదాన్ని విప్పి బిగిస్తే ఏం మారుతుంది? అయినా ఇంకేం చేయాలో తెలియలేదు.

గంట నడిపాక మళ్లీ ఆగింది. వారంలో అయిదో రోజు.

గుట్ట కింద, నీడలో, ఇంజిన్ ఆపకుండా దిగింది ఆమె. నేను బండి వెనకాల మోకాళ్ల మీద కూర్చుని పంపు మీద చెయ్యి పెట్టాను. వణుకుంది, కానీ ఏ పంపుకైనా ఉండేంత వణుకే. ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అన్నా, గిది ఆగే ముందట ఏడుస్తది గద, అది ఎందుకు?"

"ఏడుపేంటి?"

"సన్నగ, పిల్లి కూన ఏడ్సినట్టు. చల్లగున్నప్పుడు ఉండది. ఎండ ఎక్కినంక మొదలైతది. జర సేపటికే ఇగ బలం పోతది." నా ముఖం చూసి ఆగింది. "నీకు మొదటి రోజే చెప్పిన గద అన్నా. నీ ఎనకాల నడుసుకుంట చెప్పిన. నువ్వు ఆ, ఆ అన్నవ్."

హైడ్రాలిక్ పంపు సన్నగా ఏడుస్తోందంటే దానికి నూనెతో పాటు గాలి పోతోందని అర్థం. ఈ పనిలో మొదటి ఏడాది నేర్చుకునేది అదే. బల్ల మీద సీసా గుర్తొచ్చింది. మర్నాటికే ఆ నూనె తేటపడిపోయింది. నీళ్లు కలిస్తే అంత త్వరగా తేటపడదు. తెల్లదనం గాలి బుడగలది. చూశాను, చూసి కూడా పట్టించుకోలేదు. పన్నెండు రోజులు తిరిగాను. రోగం పేరు ఆమె మొదటి పది నిమిషాల్లోనే చెప్పింది.

"ఇప్పుడు వస్తోందా ఆ ఏడుపు?" అన్నాను.

"వస్తలేదా మరి? ఇనవడ్తలేదా నీకు?"

ఇంకోసారి తల ఊపొచ్చు. అలవాటైన పనే. కానీ అలా ఊపితే ఆ బండి అక్కడే ఉండిపోతుంది. ఎండ ఆమె ముఖం మీద సగం పడుతోంది. కొంగలు రెండు దూరంగా నిలబడి బండి ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నాయి.

"నాకు వినపడదమ్మా," అన్నాను.

అంతవరకూ ఆ మాట పైకి అనలేదు. గదిలో ఒక్కణ్ణీ ఉన్నప్పుడు కూడా అనుకోలేదు.

ఆమె గబుక్కున జాలిపడుతుందేమో అనుకున్నాను. జాలిపడలేదు. లేచి ఇంజిన్ ఆపేసి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఈసారి ఇంకొంచెం దగ్గరగా, ముఖం పూర్తిగా నా వైపు తిప్పి.

"ఎప్పటిసంది?"

"రెండేళ్లకి పైనే. ప్రెస్సుల దగ్గర పనిచేశాను కదా."

"ఎవరికెరుక?"

"ఎవరికీ తెలీదు."

"మీ ఇంటామెకు?"

తల అడ్డంగా ఊపాను. ఆమె కాసేపు గడ్డి పీకుతూ కూర్చుంది. తర్వాత చేతులు దులుపుకుని, "సరే. నా చెవులు మంచిగున్నయి. ఏం జెయ్యాల్నో చెప్పు, నేను ఇంట," అంది.

పెట్టెలోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసిచ్చాను. పిడి చెవి ఎముకకి ఆనించి, మొనని మిషను మీద పెడితే లోపలి చప్పుడు నేరుగా చెవిలోకి వస్తుంది. తిరిగే వాటి జోలికి పోకుండా ఎక్కడెక్కడ పెట్టాలో చూపించాను. ఇంజిన్ మళ్లీ వేశాను. ఆమె కొంగు బిగించి, బండి పక్కన పడుకున్నట్టు వంగి, కళ్లు మూసుకుంది. ఒక్కో చోటా మొన పెట్టి, కళ్లు తెరిచి, నా వైపు తిరిగి, నోరు పెద్దగా తెరిచి చెప్పేది.

పంపు పెంకు మీద పెట్టి, "ఈడ గుర్రుమంటుంది," అంది. ఫిల్టర్ మీద పెట్టి, "ఈడ చిన్నగ, దూరంగ ఉన్నట్టు." నూనె ట్యాంకు నుంచి చిన్న పంపుకి నూనె పీల్చుకునే రబ్బరు పైపు ఒకటుంటుంది. బండి కడుపులో, చెయ్యి కష్టం మీద దూరే చోట. ఆ పైపు చివరి క్లాంపు మీద మొన పెట్టగానే ఆమె ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది.

"ఈడనే అన్నా! ఈడనే కూస్తుంది!"

చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. నూనె చెమ్మ కూడా లేదు. పన్నెండు రోజుల్లో ఆ పైపుని నాలుగుసార్లు చూసుంటాను. నూనె కారడం లేదు కాబట్టి బాగుందనుకున్నాను. కానీ అది నూనెని పీల్చుకునే పైపు. దానికి చిల్లు పడితే నూనె బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పైకి ఏ మచ్చా ఉండదు.

తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. గ్రీజు డబ్బా తీసి, క్లాంపు చుట్టూ అంగుళం మందాన పూశాను. పూస్తూ నేను పైపుని చూడలేదు, ఆమె ముఖం చూస్తున్నాను. కళ్లు చిట్లించి వింటోంది. నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటే పోయాయి.

"ఆగింది," అంది. గొంతు తగ్గించి అనుంటుంది, నాకు పెదాలే తెలిశాయి. "ఏడుపు ఆగిందన్నా."

పైపు ఊడదీస్తే క్లాంపు కింద, గోరుతో గీసినట్టు, అర్ధచంద్రాకారంలో చీలిక. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు గట్టిగా ఉండి మూసుకునుంటుంది. వేడికి మెత్తబడగానే తెరుచుకుంటుంది.

మర్నాడు పొద్దున్నే కొత్త పైపు కోసం జీడిమెట్ల వెళ్లాను. పీల్చే పైపంటే లోపల తీగ చుట్ట ఉండాలి, లేకపోతే పీలుపుకి అణిగిపోతుంది. అలాంటివి అమ్మే కొట్టు మా పాత షెడ్డున్న సందు చివరే. షెడ్డు ముందు కాసేపు నిలబడ్డాను. ఇప్పుడది అట్టపెట్టెల గోడౌను. ప్రెస్సులుండగా ఆ సందులో నేల అదురుతూ ఉండేది. అరికాళ్లకి తెలిసేది. ఇప్పుడేమీ లేదు. గేటు దగ్గర కుర్చీలో ఉన్న వాచ్‌మన్ నన్నేదో అడిగాడు. అర్థం కాలేదు. చెయ్యి ఊపి వచ్చేశాను.

మధ్యాహ్నం పైపు బిగించాం. బిగించగానే బండి నడపకూడదు, ముందు లోపల చిక్కుకున్న గాలిని తీయాలి. వెనక చక్రాలు గాల్లో తేలేలా స్టాండ్ల మీద ఎత్తాను. నూనె పక్కదారి మీట తెరిచి, ఇంజిన్‌ని నెమ్మదిగా తిరగనిచ్చి, పెడల్ ముందుకీ వెనక్కీ తొక్కించాను. పదిసార్లు. మీట మూసి మళ్లీ పదిసార్లు. మట్టం తగ్గినప్పుడల్లా నూనె పోశాను. ప్రతిసారీ ఆమె స్క్రూడ్రైవర్ పెట్టి విని, "ఇంకా ఉంది" అనో, "తగ్గుతుంది" అనో చెప్పేది. చివరికి చూపుడు వేలు అడ్డంగా ఆడించింది. ఏమీ లేదని.

గంటంపావు కింద నేల మీదే నడిపించి, బాగా వేడెక్కాక, గేజ్ తగిలించి చూశాను. ముల్లు కిందికి పడలేదు. "ఎక్కించు," అన్నాను. ఆమె గుట్ట వైపు తిప్పింది. సగం దాటింది. బండి అదే వేగంతో పైకి వెళ్లి, అక్కడ ఒక చుట్టు తిరిగి, దిగింది. కొంగలు వెనకాలే వెళ్లాయి. చూడ్డానికి మేమిద్దరం, కింద ఆరుగురు ఆడవాళ్లు, పైన అద్దాల్లో మబ్బులు తప్ప ఇంకెవరూ లేరు.

మేనేజర్‌కి నేనే చెప్పాను, లోపం ఎవరు పట్టుకున్నారో. ఎలా పట్టుకున్నారో కూడా చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన "మీరు ముందే చెప్పాల్సిందండి అంకుల్. జనరేటర్ రూమ్‌లో అలారం మోగితే?" అన్నాడు. జనరేటర్ గదిలో ఎర్ర లైటు వెలిగే అలారం పెట్టించాడు. నన్ను తీసేయలేదు.

ఆ శుక్రవారం మా ఆవిడకి రాశాను. ఫోన్ చేసి చెప్పే పని కాదు కదా. మూడు గంటలు పట్టింది ఆ మెసేజి. కుక్కర్, డోలక్, వేలు, ఫోన్లు, అన్నీ రాశాను. ఆ రోజు జవాబు రాలేదు. మర్నాడు కూడా రాలేదు. మూడో రోజు సాయంత్రం వీడియో కాల్ చేసింది. తెరలో ఆమె ముఖం చాలా దగ్గరగా ఉంది. ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. మాట్లాడబోయి, ఆగి, నేను చూస్తుండగానే తల వంచి టైపు చేయడం మొదలుపెట్టింది.

"నేను నర్సుని. రోజూ ఎంతమందికి చెవుల పరీక్ష రాసిస్తారో చూస్తాను. నాకే చెప్పలేదా?"

తర్వాత ఇంకోటి వచ్చింది. "నాతో మాట్లాడటం మీకు విసుగనుకున్నాను."

తెరలో తల వంచుకునే ఉంది. చివరికి రాసింది. "ఇంటికి వచ్చి ఏం చేస్తానులే అనుకుని కిందటి నెల ఇంకో రెండేళ్ల కాంట్రాక్టుకి సంతకం పెట్టేశాను."

నేను "క్షమించు" అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. ఆమె ముఖం దగ్గర్నుంచి ఫోను కొంచెం దూరంగా జరిపింది.

మూసాపేటలో ఒక చెవి డాక్టరు దగ్గరికి ఆమే అపాయింట్‌మెంటు తీయించింది, అక్కడినుంచే. ఎడమ చెవికి చేసేదేమీ లేదన్నారు. కుడి చెవికి మిషను పెడితే కొంత వస్తుందన్నారు. కొలతలు తీసి, అచ్చు పోసి, చేతికి రావడానికి అయిదు వారాలు పట్టింది.

ఆ అయిదు వారాల్లో తోటపని కాంట్రాక్టు మారింది. కొత్తవాళ్లు తమ మనుషుల్ని తెచ్చుకున్నారు. ట్రాక్టర్ నడిపే పెద్దామెని, ఆమె మనుషుల్ని కోకాపేట అవతల కొత్తగా కట్టిన ఒక క్యాంపస్‌కి పంపించారు. ఆఖరి రోజు ట్రాక్టర్ తాళం నా చేతికిచ్చింది. "అక్కడ కూడ బండి ఉన్నదంట అన్నా. పెద్దది. నువ్వేం ఫికర్ జెయ్యకు," అంది. "నువ్వు మీ ఇంటామెతోని మాట్లాడుతున్నవా?" అని అడిగింది. మాట్లాడుతున్నానన్నాను. ఆరుగురు ఆడవాళ్లూ తమ సంచులు పట్టుకుని గేటు బయట ఆటో కోసం నిలబడ్డారు. ఆమె వాళ్లలో కలిసిపోయింది. ఏదో అని అందర్నీ నవ్వించింది. నాకు ఆ నవ్వు వినపడలేదు. ఆమె గొంతు ఎలా ఉంటుందో, సన్నమా, బొంగురా, ఇప్పటికీ నాకు సరిగా తెలియదు.

మిషను పెట్టుకుని క్యాంపస్‌కి వెళ్లిన మొదటి రోజు జూన్‌లో వచ్చింది. రైల్లో నానా గోల. సంచుల జిప్పులు, దగ్గులు, ఎవరిదో ఫోనులో పాట. చెవిలో గరిటెలు పడేసినట్టుంది. బెదిరిపోయి స్టేషన్‌లో దిగగానే తీసి జేబులో వేసుకున్నాను. పచ్చిక దగ్గరికి వచ్చాక మళ్లీ పెట్టుకున్నాను. రెండేళ్లుగా ఈ చోటు ఇంత నిశ్శబ్దంగా ఉండటం నా చెవుల వల్లేనని నాకొక నమ్మకం ఉండేది. అందరూ మాట్లాడుకుంటూనే ఉంటారు, నవ్వుకుంటూనే ఉంటారు, నాకే అందడం లేదనుకునేవాణ్ణి. నిలబడి విన్నాను. ఏసీ ప్లాంటు హోరు. ఎక్కడో ఒక గాజు తలుపు తనంతట తాను తెరుచుకుని మూసుకుంది. అంతే. అక్కడ నిజంగానే ఎవరూ లేరు.

ఇప్పుడు శుక్రవారాలు మధ్యాహ్నం భోజనాల వేళ మా ఆవిడ ఫోన్ చేస్తుంది. నేను గుట్ట కింద బెంచీ మీద కూర్చుంటాను. మిషనులోంచి ఆమె గొంతు రేకు మీద గీసినట్టు వస్తుంది. నాకు గుర్తున్న గొంతు కాదది. అయినా మాటలు తెలుస్తాయి. రెండేళ్లలో చెప్పనివన్నీ చెప్పుకుంటామనుకున్నాను గానీ, అలా జరగలేదు. వంట గురించి అడుగుతుంది. డ్యూటీల గురించి చెబుతుంది. తర్వాత ఇద్దరికీ మాట తోచదు.

కిందటి వారం అలాగే ఆగిపోయాక, "ఏంటండీ ఆ చప్పుడు?" అంది.

"స్ప్రింక్లర్లు. గడ్డికి నీళ్లు పెడుతున్నారు."

"ఎవరూ లేరా అక్కడ?"

"లేరు. నేనే."

"ఇక్కడా అంతే," అంది. ఇద్దరం ఫోను పెట్టెయ్యలేదు. నా భోజనం గంట అయిపోయేదాకా అలాగే ఉన్నాం.